అత్తగారి శనివారం సైరన్

మా ఊళ్ళో ఇప్పుడు టోర్నడో సుడిగాలి వస్తోందంటే జేబులో ఫోను అరుస్తుంది. పక్కింటావిడ అందులో రంగురంగుల బొమ్మ చూసి, అది ఎక్కడిదాకా వచ్చిందో కూర్చున్న చోటి నుంచే చెప్పేస్తుంది. మంచిదే, కాదనను. కానీ ఫోను అరిస్తే మా పిల్లి కన్నెత్తి కూడా చూడదు. మా అత్తగారి కాలంలో ఫైర్ స్టేషన్ పక్కన స్తంభం మీద ఒకే ఒక్క సైరన్ ఉండేది. అది కూసిందంటే మా ఇంట్లో ఉన్న జీవాలన్నీ ఒక్క పరుగున పెరట్లోకి వచ్చేవి. మా మామగారూ ఆయన కుక్కా తప్ప.

పెళ్ళయిన కొత్తలో నేను షికాగో నుంచి ఈ ఒక్లహోమా ఎర్రమట్టిలోకి వచ్చి పడ్డాను. మా ఆయన రాయ్స్‌ది చమురు బావుల దగ్గర పని. నా పెట్టె దింపి, నన్ను వాళ్ళ అమ్మానాన్నలకు అప్పజెప్పి, ఆ వారంలోనే పనిలోకి వెళ్ళిపోయాడు. అత్తగారి పేరు ఓర్ఫా. సన్నగా, పొట్టిగా, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉండేది. నోరు మాత్రం ఎక్కడికీ ఎగిరేది కాదు. మామగారు హాలిస్ ఆవిడకు రెండింతల మనిషి. జిల్లా సంతలో పందుల్ని పిలిచే పోటీ పెడితే ఏటా మొదటి బహుమతి ఆయనదే. ఆయన గొంతెత్తితే రెండు పొలాల అవతల పందులు కూడా మేత మానేసి చూస్తాయని అత్తగారు అనేది. అది పొగడ్తో తిట్టో నాకు చాలా కాలం తెలియలేదు.

నేను వచ్చిన తర్వాత మొదటి శనివారం. వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. ఉన్నట్టుండి సైరన్ మోగింది. ఇంకేముంది, నా పని అయిపోయిందనుకుని కత్తి పడేసి బల్ల కిందికి దూరాను. కాసేపటికి అత్తగారి బూట్లు, వాటి వెనకే ఆవిడ మొహం కనిపించాయి.

"అక్కడేం చేస్తున్నావమ్మాయ్?"

"సైరన్ అత్తయ్యా! టోర్నడో!"

"టోర్నడోనా, తలకాయా! పన్నెండయింది. పనిచేస్తోందో లేదో చూడ్డానికి శనివారం శనివారం మోగిస్తారు. లే, ఆ కాఫీ డబ్బా ఇలా అందుకో. వాళ్ళు వచ్చేస్తుంటారు."

వాళ్ళు ఎవరో పెరట్లోకి వెళ్ళాక తెలిసింది. ఇంటి వెనక నేలమాళిగ ఉంది. నేల మీద ఏటవాలుగా, రేకు కొట్టిన చెక్క తలుపు. అత్తగారు ఆ తలుపు ఎత్తి పట్టుకుని నిలబడింది. పశువుల కొట్టంలోంచి బిస్కెట్, గ్రేవీ అనే రెండు పిల్లులు తోకలు నిలబెట్టుకుని వచ్చాయి. వాటి వెనక రెక్కలు చాచుకుని, దారిలో ఎవరుంటే వాళ్ళని పొడుస్తూ జెజెబెల్ అనే పెద్దబాతు వచ్చింది. మూడూ నా మొహం కూడా చూడకుండా మెట్లు దిగి లోపలికి పోయాయి. అత్తగారు వాటి వెనకే దిగి, స్టూలు మీద కూర్చుని, డబ్బా గలగలలాడించి, పిల్లులకు వేయించిన పంది కొవ్వు ముక్కలూ, బాతుకు మొక్కజొన్న గింజలూ పెట్టింది. తర్వాత ఒక్కొక్కదాని తల మీదా చెయ్యి వేసి, "అందరూ ఉన్నారు," అంది.

అందరూ లేరు. వరండాలో మామగారు కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని, సైరన్‌తో పాటు తనూ గొంతెత్తి కూస్తున్నారు. ఆయన కాళ్ళ దగ్గర డీకన్ అనే ముసలి వేటకుక్క మోర పైకెత్తి, ఆయనతో సమానంగా ఊళ పెడుతోంది. చర్చి పెద్దమనిషిలా ఎప్పుడూ మొహం వేలాడేసుకుని ఉంటుందని దానికి ఆ పేరు పెట్టారు. సైరన్ ఆగాక ఆయన తన పళ్ళెంలోంచి ఒక మాంసం ముక్క దాని నోట్లో పెట్టారు.

"చూశావా?" అంది అత్తగారు పైకొచ్చి. "నేను ఒకటి నేర్పితే ఈయన ఇంకొకటి నేర్పుతాడు. సైరన్ అంటే వరండాలో కూర్చుని పాడుకోవడమని అనుకుంటోంది ఆ కుక్క. ఏదో ఒకరోజు నీ మూలంగా అది చస్తుంది హాలిస్!"

"నేను చూసుకుంటాలేవే. నీ పిరికిగుంట నీది, మా వరండా మాది."

నేలమాళిగను ఆయన అలాగే పిలిచేవారు. ఆయనొక్కరే కాదు, ఈ ఊరి మగాళ్ళందరిదీ అదే జబ్బు. సైరన్ కూస్తే ఆడవాళ్ళు కిందికి, మగాళ్ళు వరండాలోకి. ఆకాశం నల్లబడితే చేతులు కట్టుకుని నిలబడి, "అది మన వైపు రాదులే," అని ఒకరికొకరు చెప్పుకోవడం. వాళ్ళ తాతలూ అంతేనట. ఆ తాతల్లో ఎంతమంది మిగిలారని నేనోసారి అడిగితే మామగారు వారం పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అత్తగారు ఆ శనివారాన్ని ఎప్పుడూ తప్పనివ్వలేదు. జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకుని వెళ్ళి తలుపు తీసేది. సొంత చెల్లెలి కూతురి పెళ్ళి శనివారం పెట్టారని, ప్రమాణాలు అయ్యీ అవకముందే చర్చిలోంచి లేచి వచ్చేసింది. చెల్లెలు చాలాకాలం మొహం చాటేసింది. ఊళ్ళో వాళ్ళు ఓర్ఫా వాళ్ళింట్లో శనివారం కూడా చర్చి ఉంటుందని నవ్వుకునేవారు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు.

"ఒక్క వారం మానేస్తే ఏమవుతుంది అత్తయ్యా?" అని అడిగాను ఒకరోజు, బట్టలు ఆరేస్తూ.

ఆవిడ క్లిప్పులు నోట్లో పెట్టుకుని ఉంది. వాటిని తీసి జేబులో వేసుకుంది.

"అవి నమ్మి వస్తాయమ్మాయ్. వచ్చేసరికి తలుపు మూసి ఉందనుకో, పై వారం ఆలోచిస్తాయి. ఆ పై వారం రావు. మనలాగా సర్ది చెప్పుకోవడం వాటికి రాదు."

అప్పుడే బటన్స్ సంగతి చెప్పింది. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్న తెల్లకుక్క అది. గాలివాన వచ్చిన రోజు అందరూ నేలమాళిగలోకి పరిగెత్తారు. కుక్క బెదిరిపోయి ఎటో పోయింది. వాళ్ళ నాన్న తలుపు మూసి గడియ పెట్టాక అది వెతుక్కుంటూ వచ్చింది. బయట రేకు మీద గోకడం మొదలుపెట్టింది. తలుపు తీయబోతే గాలి దాన్ని పట్టుకుని నొక్కేస్తోంది. నాన్న భుజం పెట్టి తోశాడు, అమ్మ తోసింది, తలుపు కదల్లేదు.

"గోకుతూనే ఉంది," అంది అత్తగారు. "తర్వాత గోకడం ఆగిపోయింది. అంతే."

ఆవిడ మళ్ళీ క్లిప్పులు తీసి దిండు గలీబు ఆరేయసాగింది. ఆ రోజు నుంచి నేను నవ్వడం మానేశాను. ఆ నేలమాళిగలో ప్రతిదీ ఎందుకుందో కూడా అప్పుడే కళ్ళకు కనిపించింది. ఊరగాయ జాడీల కింద నీళ్ళ తొట్టి, పిల్లుల కోసం మూతలున్న బుట్టలు, మేకుకు వేలాడే తాళ్ళు. డీకన్ ఎప్పటికైనా వస్తుందని దాని కోసం మూలన మామగారి పాత చొక్కా పరిచిన గోనెసంచి. ప్రతి మెడపట్టీకీ టీను మూత ముక్క ఒకటి, దాని మీద మేకుతో గుచ్చి రాసిన మా ఇంటిపేరూ రోడ్డు పేరూ. బాతుకైతే కాలికి కట్టింది. కట్టినందుకు అది ఆవిడ వేలు కొరికింది.

మే నెలలో ఒక మంగళవారం సాయంత్రం ఆకాశం పాచి పట్టిన చెరువులా పచ్చబడింది. రేడియోలో ఏదో చెబుతుండగానే పడమటి వైపు పిడుగు పడి కరెంటు పోయింది. వెంటనే వడగళ్ళు. పశువుల కొట్టం రేకుల మీద ఆ చప్పుడుకి పక్కనున్న మనిషి మాట వినపడటం లేదు. అత్తగారు డబ్బా తీసుకుని పెరట్లోకి పరిగెత్తింది. నేను తల మీద మూకుడు పెట్టుకుని వెనకే పరిగెత్తాను. తలుపు ఎత్తాం. ఆవిడ డబ్బా ఊపింది. గలగల నాకే వినపడలేదు, ఇంక కొట్టంలో పిల్లులకేం వినపడుతుంది? బాతు ట్రక్కు కింద దూరింది. డీకన్‌కి ఉరుమంటే ప్రాణభయం, వరండా చెక్కల కిందికి పాక్కుంటూ పోయింది. ఆ చెక్కల మీద చేతులు కట్టుకుని మామగారు నిలబడి ఉన్నారు.

"సైరన్ కూయదేం?" అంది అత్తగారు. "ఇంకా ఎందుకు కూయలేదు?"

"కరెంటు లేదు అత్తయ్యా! సైరన్‌కీ లేదు!"

ఆవిడ నా వైపు చూసిన చూపు నేనిప్పటికీ మర్చిపోలేను. ఇన్నేళ్ళుగా సైరన్ వినగానే రమ్మని నేర్పిన మనిషికి, ఆ సైరనే మూగబోతుందని ఒక్కసారి కూడా తట్టలేదు.

వడగళ్ళు ఆగిపోయాయి. గాలీ ఆగింది. ఆ నిశ్శబ్దం చూసి నాకు ధైర్యం వచ్చింది, తర్వాత పడమటి నుంచి గూడ్సు బండి లాంటి మోత మొదలైంది. గోధుమల గోదాము వెనక నల్లటి తోక ఒకటి నేలకు దిగి ఊగుతోంది.

"దిగండి అత్తయ్యా! దిగండి, మీకు దణ్ణం పెడతాను!"

"నువ్వు దిగు. వాళ్ళు రానీ."

"వాళ్ళు రారు!"

"నేను తలుపు మూయను మార్నీ."

ఆవిడ నన్ను పేరు పెట్టి పిలిచింది అదే మొదటిసారి. డబ్బా పొట్టకు హత్తుకుని, తెరిచిన తలుపు పక్కన అలా నిలబడిపోయింది. పట్టుకుని లాగాను. అంత సన్నటి మనిషి, గుంజలా పాతుకుపోయింది.

వరండాలోంచి మామగారు ఆ తోకను చూశారు. తర్వాత తల తిప్పి మా అత్తగారిని చూశారు. కట్టుకున్న చేతులు విప్పారు. రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి, కూత పెట్టారు.

అచ్చం సైరనే. కింద నుంచి మెల్లగా లేచి, పైకెక్కి, అక్కడే చాలాసేపు నిలిచి, మళ్ళీ దిగింది. ఏళ్ళ తరబడి ఎగతాళికి కూసీ కూసీ అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నారాయన. జిల్లా సంతలో కూడా ఆ గొంతు అంత ఎత్తుకు వెళ్ళి ఉండదు. కొట్టంలోంచి బిస్కెట్, దాని వెనక గ్రేవీ, చెవులు వెనక్కి పెట్టి దూసుకొచ్చాయి. ట్రక్కు కింద నుంచి జెజెబెల్ రెక్కలు విప్పుకుని నన్ను గుద్దుకుంటూ మెట్లు దిగింది. డీకన్ కూడా వరండా కింద నుంచి బయటికి పాకింది. కానీ అది నేలమాళిగ వైపు రాలేదు. మెట్లెక్కి మామగారి కాళ్ళ దగ్గర కూర్చుని, మోర ఎత్తి, ప్రతి శనివారం లాగే ఆయనతో కలిసి ఊళ అందుకుంది.

"హాలిస్!" అని అరిచింది అత్తగారు.

ఆయన కుక్కను చూశారు. కూత ఆపితే అది మళ్ళీ చెక్కల కిందికి పోతుంది. తను అక్కడే ఉంటే అదీ అక్కడే ఉంటుంది. అందుకని ఆయన కూత ఆపకుండానే వరండా మెట్లు దిగారు. అంత పెద్ద మనిషి చేతులు నోటికి పెట్టుకుని, మొహం ఎర్రబడిపోయి, కూస్తూ కూస్తూ పెరడు దాటి వస్తుంటే, ఆయన మడమలు తొక్కుకుంటూ కుక్క ఊళ పెడుతూ వచ్చింది. వాళ్ళ వెనక గోదాము పైకప్పు కాగితంలా లేచిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన వంగి, పిరికిగుంట మెట్లు జీవితంలో మొదటిసారి దిగారు. నేనూ అత్తగారూ తలుపు లాగి గడియ పెట్టాం.

లోపల చీకటి. పైన ఆ మోత. చెవుల్లో ఏదో పగిలినట్టయింది. బాతు నా ఒళ్ళో ఎక్కి, ఒకసారైనా పొడవకుండా, మెడ నా చంకలో దాచుకుంది. అత్తగారి చెయ్యి తడుముకుంటూ వచ్చింది. పిల్లుల మీద, బాతు మీద, నా మీద, డీకన్ మీద ఆగింది. చివరికి మామగారి బట్టతల మీద ఆగి, అక్కడ కాస్త ఎక్కువసేపు ఉంది.

"అందరూ ఉన్నారు," అంది. తర్వాత మెల్లగా, "తలుపు మీద ఎవరూ గోకడం లేదు," అంది.

ఆ కూతతో మామగారి గొంతు పోయింది, తర్వాత చాలా రోజులు సైగలతోనే బతికారు. అత్తగారు అంత హాయిగా ఉన్న రోజులు ఇంకెప్పుడూ లేవని ఊరంతా చెప్పుకుంది.

పైకొచ్చి చూస్తే ఇల్లు ఉంది, వరండా లేదు. కుర్చీ పక్కవాళ్ళ గోధుమ చేలో నిటారుగా, ఎవరో కూర్చోబెట్టినట్టు ఉంది. ఎక్కడ చూసినా మేకులు, గాజుపెంకులు, తెగిన తీగలు. అందుకే అత్తగారు పిల్లుల్ని బుట్టల్లో పెట్టి మూతలు వేసింది, కుక్కకీ బాతుకీ తాళ్ళు కట్టి పట్టుకుంది. గాలి నుంచి బతికి బయటపడ్డ జీవాన్ని మేకుకి పోగొట్టుకుంటామా అని కసిరింది. మామగారు వరండా ఉండాల్సిన చోటునే చూస్తూ నిలబడ్డారు.

"ఏం చూస్తావ్?" అంది ఆవిడ. "నీ వరండా వెళ్ళిపోయింది. మా గుంటలోనే ఇంత చోటిస్తాంలే."

రాయ్స్ వచ్చాక తండ్రీ కొడుకులు కొత్త వరండా కట్టారు. ఆయన మారిపోయారని అనుకుంటే పొరపాటే. మళ్ళీ చేతులు కట్టుకుని అక్కడే నిలబడేవారు. ఒక్కటే తేడా. శనివారం సైరన్ కూయగానే కుర్చీలోంచి లేచి, కుక్కను వెంటబెట్టుకుని కూస్తూ నేలమాళిగ గుమ్మం దాకా నడిచేవారు. కుక్కను దింపేసి, ఆయన పైనే ఆగిపోయేవారు.

"రాకూడదూ, కొరుకుతామా?" అనేది అత్తగారు కింద నుంచి.

"ఒకసారి వచ్చాను చాలు. అక్కడ ఊరగాయ కంపు."

ఆ మాటా ఈ మాటా ప్రతి శనివారం వినేదాన్ని. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఇంకొక్కసారి వినిపిస్తామంటే కాలినడకన షికాగో దాకా పోయి వస్తాను.

ఏళ్ళు గడిచాయి. డీకన్ పోయింది, బిస్కెట్ పోయింది. పెన్నీ అనే గోధుమరంగు కుక్కపిల్ల వచ్చి, అదీ సైరన్ నేర్చుకుంది. గ్రేవీకి పళ్ళు ఊడాయి. జెజెబెల్‌కి మాత్రం ఏమీ కాలేదు, అది మా అందర్నీ పాతిపెట్టాకే పోయేలా కనిపించింది. ఒక శీతాకాలం అత్తగారికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం, ఒక బుధవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

శనివారం ఉదయం చర్చిలో ప్రార్థన, ఆ తర్వాత ఊరి బయట స్మశానంలో ఖననం. ఊరు ఊరంతా వచ్చింది. మాట్లాడాల్సిన వాళ్ళు ఎక్కువై ఆలస్యమైంది. చర్చిలో మామగారు మాటిమాటికీ గడియారం చూసుకుంటుంటే నాకు కోపం వచ్చింది. ఇవాళ కూడా అంత తొందరేమిటీయనకి అనుకున్నాను.

పెట్టె గోతిలోకి దించారు. పాస్టర్ గారు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టారు. అప్పుడు ఊళ్ళోంచి సైరన్ లేచింది.

ఎవరూ కదల్లేదు. శనివారం కదా. పాస్టర్ గారు చదవడం ఆపి అది అయ్యేదాకా కాచుకున్నారు, ఈ ఊళ్ళో పాస్టర్లకు అది అలవాటే. మామగారు మాత్రం కుర్చీలోంచి లేచారు. టోపీ పెట్టుకున్నారు.

"కాస్త ఆగండి పాస్టర్ గారూ," అన్నారు. "మావాళ్ళు తలుపు దగ్గర ఉంటారు."

రాయ్స్ ఆయన చెయ్యి పట్టుకోబోయాడు. నేను వద్దన్నాను. ట్రక్కు తాళాలు నా దగ్గరున్నాయి. ఆయన్ని ఎక్కించుకుని ఇంటివైపు బయల్దేరాను. ఆ ట్రక్కును జీవితంలో ఎప్పుడూ అంత వేగంగా నడపలేదు.

ఇంటి ముందు దిగేసరికి సైరన్ ఎప్పుడో ఆగిపోయింది. పెరటి వైపు నుంచి చప్పుడు వినిపించింది. రేకు మీద గోళ్ళు. పెన్నీ మూసిన తలుపును గోకుతోంది.

మామగారు పరిగెత్తారు. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో, మంచి బూట్లతో బురదలో పరిగెత్తారు. తలుపు పక్కన గ్రేవీ ముడుచుకుని కూర్చుని ఉంది. జెజెబెల్ మెడ చాచి తలుపును పొడుస్తోంది. ఆయన తలుపు ఎత్తగానే మూడూ లోపలికి దూరాయి. ఈసారి ఆయన గుమ్మం దగ్గర ఆగలేదు. వంగి, గోడ పట్టుకుని, మెట్టూ మెట్టూ దిగారు. వంటింట్లోంచి కాఫీ డబ్బా తెచ్చి నేనూ దిగాను.

ఆయన నేల మీదే కూర్చున్నారు, స్టూలు మీద కాదు. డబ్బా గలగలలాడించారు. కుక్కకూ పిల్లికీ ముక్కలు, బాతుకు గింజలు. గింజలు సగం కింద పడుతున్నాయి, బాతు ఏరుకుంటోంది.

"ఆలస్యమైందర్రా," అన్నారు వాటితో. "ఇంకెప్పుడూ కాదు. నేనున్నాగా."

తర్వాత చెయ్యి చాపి కుక్క తల మీద వేశారు. పిల్లి మీద వేశారు. బాతు మీద వేస్తే అది ఊరుకుంది. నా తల మీద వేశారు. ఆ చెయ్యి అక్కడి నుంచి లేచి, పక్కనున్న ఖాళీ స్టూలు దాకా వెళ్ళి, చెక్క మీద ఆగింది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన అందరూ ఉన్నారని అనలేదు. మెల్లగా మోకాళ్ళ మీద లేచి, టోపీ సర్దుకున్నారు.

"పదమ్మాయ్," అన్నారు. "మీ అత్త అక్కడ ఒక్కతే ఉంది."